మానిటర్ వెనక నల్ల డబ్బీ

తెల్లగా ఉండాల్సిన పేజీ లేత గులాబీ రంగులో కనిపించిన సాయంత్రం నా అనుమానం మొదలైంది.

నేను ప్రింటింగ్ ప్రెస్సులో డీటీపీ చేస్తాను. పెళ్లి శుభలేఖలు, కొట్ల ప్రారంభోత్సవాల కరపత్రాలు, సంతాప సభల ఫ్లెక్సీలు, అన్నీ నా వేళ్ల మీదుగానే వెళ్తాయి. ప్రెస్సు మద్దిలపాలెం బస్సు డిపోకి దగ్గర. దాని వెనక రెండు సందులు దాటితే మా ఇల్లు, మేడ మీద పోర్షన్. మిగిలిపోయిన పని పెన్‌డ్రైవ్‌లో వేసుకుని ఇంటికి తెచ్చుకుంటాను. మా అమ్మాయి చదువు కోసం కొన్న కంప్యూటర్ ఉంది. అమ్మాయి విజయనగరంలో హాస్టల్లో చేరాక అది నా పాలబడింది. మానిటర్ బాగా పాతది. వెనక నీలం రంగు పిన్ను, దానికి రెండు పక్కలా మరలు. ఆ మరలు గట్టిగా బిగించకపోతే పిన్ను ఒరుగుతుంది, రంగులు మారిపోతాయి. అందుకే నేను వాటిని ఎప్పుడూ వేలు నొప్పెట్టేదాకా బిగిస్తాను.

ఆ సాయంత్రం వెనక చెయ్యి పెట్టి చూస్తే రెండు మరలూ వదులుగా ఉన్నాయి.

అక్షరం కాస్త పక్కకి జరిగినా పట్టుకునే కన్ను నాది. మానిటర్ కూడా బల్ల మీద తన చోట లేదు, కొంచెం మంచం వైపు తిరిగి ఉంది. ఎవరో దాన్ని తిప్పారు, పిన్ను పీకారు, మళ్లీ తొందరలో పెట్టారు. ఎవరు? ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, మా ఆయన, మా నాన్న.

వాళ్లిద్దరి సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు. మా నాన్నది గోదావరి జిల్లా. కుర్రతనంలో పోర్టులో ఉద్యోగానికి వచ్చి, క్రేన్ ఆపరేటరుగా రిటైరయ్యాడు. మా ఆయన ఈ ఊరివాడే, స్టీల్ ప్లాంటులో పని, పొద్దుటి ఏ, మధ్యాహ్నం బి, రాత్రి సి షిఫ్టుల బతుకు. పెళ్లయిన కొత్తలో మామా అల్లుళ్లు బాగానే ఉండేవారు. ఆనందపురం దగ్గర ఒక స్థలం వాళ్ల మధ్య చిచ్చు పెట్టింది. మా నాన్న స్నేహితుడు చూపించిన స్థలం అది. నాన్న మాట మీద కొన్నాం. తీరా చూస్తే అదే స్థలం అంతకుముందే ఇంకొకరికి అమ్మి ఉంది. కోర్టు చుట్టూ తిరిగాం. ఒకరోజు మా ఇంట్లోనే, పదిమంది బంధువులు కూర్చుని ఉండగా, మా ఆయన నోరు జారాడు.

"మీ సావాసగాడే గదా మావయ్యా. మీకు తెలీకుండా జరుగుద్దేటి?"

నాన్న లేచి చెప్పులు వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, నా వైపే చూస్తూ అన్నాడు. "అమ్మాయ్, మీ ఆయనతో చెప్పు. నన్ను దొంగన్నవాడితో ఈ జన్మలో మాట్లాడను."

ఆ చెప్పడం ఆ రోజుతో మొదలై ఏళ్ల తరబడి నా నెత్తిన పడింది. పండక్కి రమ్మని నాన్నని పిలవాలంటే నేనే. నాన్నకి జ్వరం వస్తే మందులు తెచ్చేది ఆయనే, కానీ ఇచ్చేది నేనే. ఎదురెదురుగా కూర్చుని కూడా "కూర ఇంకొంచెం కావాలేమో అడుగు" అని ఒకరు, "చాలని చెప్పు" అని ఇంకొకరు. నేను ఇద్దరి మధ్యా నిలబడి ఆ మాటలు తిరిగి చెప్పేదాన్ని. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత రాలేదు.

అమ్మ పోయాక నాన్న పోర్టు పక్క వన్‌టౌన్‌లో ఒక్కడే ఉండేవాడు. పోయిన వానాకాలం చేపల బజారులో జారిపడి కుడిచెయ్యి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లింది మా ఆయనే. దారంతా ఇద్దరూ చెరో వైపు బయటికి చూస్తూ కూర్చున్నారట. కట్టు వేశాక నాన్నని మా ఇంటికి తెచ్చేశాం. అమ్మాయి గదిలో, కంప్యూటర్ బల్ల పక్కనే మంచం వేశాం.

కట్టు విప్పేసరికి వేళ్లు బిగుసుకుపోయాయి. ఫిజియోథెరపీ అమ్మాయి మెత్తటి బంతి ఇచ్చి రోజూ నొక్కమంది. నాన్న ఒక రోజు నొక్కాడు, రెండో రోజు కిటికీలోంచి పారేశాడు.

"మీ నాన్నకి సెప్పు, నొక్కకపోతే సెయ్యి అలగే ఉండిపోద్దని," అన్నాడు మా ఆయన హాల్లోంచి.

"చెప్పు మీ ఆయనకి, నా చెయ్యి నా ఇష్టమని," అన్నాడు నాన్న గదిలోంచి.

మధ్యలో నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. ఈసారి ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఇద్దరికీ వినపడింది కదా.

ఇదీ మా ఇల్లు. అందుకే ఆ మరలు వదులైన రోజు నాకు ముందుగా తట్టింది, ఆ గదిలోకి మా ఆయన వెళ్లి ఉండడని. నాన్న వచ్చినప్పటి నుంచీ ఆయన ఆ గుమ్మం తొక్కలేదు. అమ్మాయి అల్మారాలో తన స్వెటర్ ఉంటే కూడా నన్నే తెమ్మనేవాడు.

"నాన్నా, ఈ కంప్యూటర్ ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవరొస్తారే నా గదిలోకి, గాలి తప్ప," అన్నాడు నాన్న. పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

మా ఆయన్ని అడిగితే, "నాకేటి తెలుసు? మీ ఇద్దరి గది అది," అన్నాడు. సాధారణంగా నేను ఏదైనా అడిగితే మొదట 'ఏటి?' అంటాడు. రెండోసారి అడిగితే గాని జవాబు రాదు. ఆ రోజు మొదటిసారికే వచ్చింది.

అప్పటి నుంచి కనిపెట్టడం మొదలుపెట్టాను. ఆయన పొద్దున్నే వెళ్లిపోయే 'ఏ' షిఫ్టు వారంలో మరలు బిగించినవి బిగించినట్టే ఉంటున్నాయి. బి షిఫ్టు, అంటే పొద్దున్నంతా ఇంట్లో ఉండే వారం వచ్చిందా, మళ్లీ వదులు. ఇంక సందేహం లేదు. ఆయనే. కానీ నాన్న ఉండగా ఎలా? నాన్న పొద్దున్న టిఫిన్ తిని ఒక కునుకు తీస్తాడు. అప్పుడు దూరుతున్నాడన్నమాట. దేనికోసం?

నాన్న మంచం పక్కన ఆయన రేకు పెట్టె ఉంటుంది. స్థలం తాలూకు కాగితాలన్నీ అందులోనే. నా మనసు అక్కడికి పోయింది. కోర్టులో మళ్లీ కదలిక వచ్చిందని మా ఆయన ఆ మధ్య ఫోనులో ఎవరితోనో అంటుండగా విన్నాను. మా నాన్న మీద ఆధారం ఏదైనా దొరుకుతుందా అని చూస్తున్నాడా? అలా అనుకోవడానికి నాకే సిగ్గేసింది. అయినా ఆ ఆలోచన పోలేదు. అన్నం వడ్డిస్తుంటే ఆయన చేతుల వంకే చూసేదాన్ని, పెట్టె మూత తీసిన దుమ్ము ఏమైనా అంటుకుందా అని.

ఒక ఆదివారం గది ఊడుస్తుంటే బల్లకీ గోడకీ మధ్య చీపురుకి ఏదో తగిలింది. తీసి చూస్తే చిన్న నల్ల డబ్బీ. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. ఒక కొసన నా మానిటర్ పిన్నుకి సరిపోయే నీలం గూడు. రెండో కొసన బల్లపరుపు నోరు. సన్నటి తోక లాంటి వైరు ఒకటి. పక్కన ఒక గుండ్రటి చిన్న రంధ్రం.

ఆ రంధ్రం చూడగానే నాకు కెమెరా గుర్తొచ్చింది. రోజూ ఫోన్లో చూస్తున్నవే కదా, బటన్లలో కెమెరాలు, ఛార్జర్లలో మైకులు. నాన్నకి ఇప్పటికీ ఆ స్నేహితుడు ఫోన్ చేస్తుంటాడు. గట్టిగా మాట్లాడే మనిషి మా నాన్న. ఆ మాటలు పట్టుకుందామని దీన్ని ఇక్కడ పెట్టారా? రంధ్రం మీద వేలు అడ్డం పెట్టి, డబ్బీని చీర కొంగులో చుట్టి, నా హ్యాండ్‌బ్యాగులో అడుగున దాచాను.

మర్నాడు ప్రెస్సులో తలనొప్పి అని చెప్పి వన్‌టౌన్ వెళ్లాను. పాత బజారు సందులో ఒక ముస్లిం పెద్దాయన కొట్టుంది. వాళ్ల నాన్న కాలంలో ఓడల మీద వచ్చే రేడియోలు, టేప్‌రికార్డర్లు అమ్మేవారు. ఇప్పుడు వైర్లు, ఛార్జర్లు, పాత మానిటర్లు. చిన్నప్పుడు నాన్న వెంట వెళ్లిన కొట్టే. మా ఇంటికి దగ్గరలో ఎవరినైనా అడిగితే మాట పాకుతుందని అంత దూరం వెళ్లాను.

డబ్బీ కౌంటర్ మీద పెట్టి, మామూలుగా అడుగుతున్నట్టు అడిగాను. "భాయ్, ఇదేంటో కాస్త చూస్తారా? ఇందులో కెమెరా ఏమైనా ఉందా?"

ఆయన కళ్లజోడు పైకి తోసుకుని డబ్బీని, తర్వాత నన్ను చూశాడు. "కెమెరానా? ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు. ఆ రంధ్రం…"

"అది సౌండు కోసమమ్మా. స్పీకర్ వైరు పెట్టుకుంటారు." ఆయన డబ్బీని తిప్పి బల్లపరుపు నోరు చూపించాడు. "గేమ్ ఆడుకునే డబ్బా ఉంటది కదా, టీవీకి పెడతారే, దాని వైరు ఇటు. మీ పాత మానిటర్ పిన్ను అటు. కొత్తదాని మాట పాతదానికి అర్థం కాదు కదా. ఇది మధ్యలో ఉండి అర్థమయ్యేలా మార్చి చెప్తది. అంతే. కెమెరా లేదు, ఏమీ లేదు."

"గేమా?"

"గేమే." ఆయన డబ్బీ అడుగున అంటించిన చిన్న స్టిక్కర్ని గోరుతో గీకాడు. "ఇది నా దగ్గరదేనమ్మా. ప్లాంటు బూట్లేసుకుని ఒకాయన వచ్చాడు. పట్టుకెళ్లి మళ్లీ వచ్చాడు, బొమ్మ రావట్లేదు, దొంగ సరుకు అమ్మావ్ అని నా మీద గొడవ. నేనన్నాను, సాబ్, సరుకు మంచిదే. నీ గేమ్ డబ్బాకే అనుమానం ఎక్కువ. బొమ్మ పంపేముందు అవతల ఉన్నదెవరు అని అడుగుద్ది. పాత మానిటర్‌కి ఆ ప్రశ్నే తెలీదు, జవాబేం చెప్తది? జవాబు రాకపోతే గేమ్ డబ్బా బొమ్మ ఆపేస్తది, తెర అంతా నలుపు. ఆ డబ్బా ఇక్కడికి తీసుకురా అన్నాను. తెచ్చాడు. మా టీవీకి పెట్టి, సెట్టింగుల్లో ఆ అడగడం మాన్పించి పంపించాను. అంతే, మళ్లీ రాలేదు."

ప్లాంటు బూట్లు, రాగానే గొడవ. మా ఆయనే.

బస్సులో తిరిగి వస్తూ తేలిక పడాల్సింది. పడలేదు. ఒక అనుమానం పోయి ఇంకొకటి వచ్చింది. యాభైకి దగ్గరపడిన మనిషికి గేమ్ ఎందుకు? మా ప్రెస్సులో బైండింగ్ చేసే అతని తమ్ముడు ఫోనులో పందెం ఆటలు ఆడి భార్య మెడలోవి కూడా తాకట్టు పెట్టాడు. అలాంటిదేనేమో. ఆ సాయంత్రం మా ఆయన పాలప్యాకెట్‌కి వెళ్లినప్పుడు అల్మారా, అటక, మంచం కింద బూట్ల పెట్టె అన్నీ వెతికాను. గేమ్ డబ్బా ఎక్కడా లేదు. నాన్న గదిలో వెతకాలన్న ఆలోచనే రాలేదు. అల్లుడి వస్తువు నాన్న మంచం దగ్గర ఎందుకుంటుంది?

మర్నాడు ప్రెస్సు నుంచి వచ్చేసరికి మా ఆయన ఇంట్లో ఉన్నాడు. ఆ రోజు ఆయనకి సెలవు. అంతకంటే వింత, నాన్న గదిలో, బల్ల కింద, మోకాళ్ల మీద వంగి ఫోన్ టార్చితో వెతుకుతున్నాడు. నాన్న మంచం మీద కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఏం వెతుకుతున్నారు?" అన్నాను.

ఆయన తల బల్లకి తగిలింది. "ఏటీ లేదు."

నాన్న వెంటనే అందుకున్నాడు. "బొద్దింక దూరిందే అమ్మాయ్. నేనే చూడమన్నాను."

నేను నాన్న వైపు తిరిగాను. "ఎవరిని చూడమన్నావు?"

నాన్న పైన తిరుగుతున్న ఫ్యాను వైపు చూశాడు.

"గాలికి అన్నాను," అన్నాడు నాన్న. "ఎవరో విన్నట్టున్నారు."

ఆ మాటతో నాకు అసలు భయం మొదలైంది. ఇప్పటిదాకా ఒక్కరి మీదే అనుమానం. ఇప్పుడు ఇద్దరూ కలిసి నా దగ్గర ఏదో దాస్తున్నారు. ఒకరినొకరు చూసుకోరు, మాట్లాడుకోరు, కానీ నా ముందు ఇద్దరి అబద్ధమూ ఒకటే. ఏళ్లుగా మధ్యలో నిలబడి మాటలు మోసిన నాకు తెలియకుండా వీళ్లకి ఉమ్మడి అబద్ధం ఎలా కుదిరింది?

అడిగితే చెప్పరు. అందుకని ఆ సాయంత్రం డబ్బీని తీసుకెళ్లి దొరికిన చోటే, గోడకీ బల్లకీ మధ్య పడేశాను.

రెండు రోజుల తర్వాత కింద పోర్షన్ ఆవిడ మెట్ల దగ్గర నన్ను ఆపింది. నాకంటే చిన్నది, నన్ను వదినా అంటుంది.

"వదినా, ఒక మాట సెప్తాను, తప్పుగా అనుకోకు. నువ్వు పనికెల్లిపోయాక మీ ఇంట్లో కొట్టుకుంటన్నారేటి?"

"ఎవరు?"

"ఎవరంటే… మీ నాన్నగారి గొంతే. 'గుద్దేయ్, గుద్దేయ్ వాణ్ణి, తొక్కు, తొక్కేయ్' అని ఒకటే కేకలు. నాకు గుండె ఆగిపోయినంత పనయింది. పెద్దాయనకి ఒంట్లో బాగోలేదు కదా, మీ ఆయన చూత్తే ఒడ్డూ పొడుగూ. పైకొచ్చి తలుపు కొడదామనుకున్నాను గాని, మామా అల్లుళ్ల మధ్య మనకెందుకని ఊరుకున్నాను."

మర్నాడు బి షిఫ్టు. ఆయన పన్నెండు దాటాక గాని బయల్దేరడు. నేను ఎప్పటిలాగే క్యారేజీ సర్దుకుని, వెళ్తున్నానని చెప్పి, చెప్పుల చప్పుడు బాగా వినపడేలా మెట్లు దిగాను. డిపో దాకా వెళ్లి, టీ తాగి, వెనక్కి తిరిగాను. మెట్లు మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాను. నా ఇంట్లోకి నేనే దొంగలా. తాళంచెవి నా దగ్గర ఒకటి ఉంది. తలుపు తీసేసరికి నాన్న గొంతు.

"తొక్కు! అబ్బా, ఆ లారీని గుద్దేయ్, దారిస్తాడేంటి వాడు!"

హాలు దాటి గది గుమ్మం దగ్గర నిలబడ్డాను.

కిటికీ తలుపులు వేసి ఉన్నాయి. నా మానిటర్ మంచం వైపు తిరిగి ఉంది. దాని నిండా ఒక రోడ్డు, మలుపులు, పరుగెత్తే కార్లు. నేను శుభలేఖల్లో వినాయకుణ్ణి పెట్టే తెర మీద. శబ్దం లేదు, ఆ మానిటర్‌కి స్పీకర్లు లేవు కదా. నాన్న మంచం అంచున, మా ఆయన కింద చాప మీద. నాన్న చేతిలో గేమ్ ఆడే బొత్తాల పిడి. మా ఆయన వెనక్కి చెయ్యి చాపి, నాన్న కుడిచేతి చూపుడువేలు మీద తన వేలు పెట్టి నొక్కిస్తున్నాడు. బిగుసుకుపోయిన ఆ వేలు, బంతి నొక్కడానికి ఒప్పుకోని వేలు, నెమ్మదిగా ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. ఇద్దరి కళ్లూ తెర మీదే.

"మలుపు దగ్గర కొందరు తొందరపడతారు," అన్నాడు నాన్న, తెరతో.

"తొందర కాదు, పెద్దోల్లు దారి మధ్యలో నిలబడిపోతన్నారు," అన్నాడు మా ఆయన, అదీ తెరతోనే.

"పోర్టులో ముప్పై టన్నుల బరువు గాల్లో తిప్పినవాడికి కారు తిప్పడం నేర్పుతారు."

"క్రేనుకి బ్రేకులుంటాయి గాని ఓర్పుండదు కాబోలు."

నాన్న నవ్వాడు. మా అమ్మ పోయాక ఆయన అలా నవ్వగా నేను వినలేదు.

ఆట అయిపోయి తెర ఒక్క క్షణం నల్లబడింది. ఆ నలుపులో గుమ్మం, గుమ్మంలో నేను, చేతిలో చెప్పులు. నాన్న ముందు చూశాడు. పిడిని దుప్పటి కింద దాచేశాడు. మా ఆయన చటుక్కున లేచి నిలబడ్డాడు, మంచానికి దూరంగా. అప్పుడు నాన్న గొంతు సవరించుకుని, నా వైపే చూస్తూ అన్న మాట నేనెప్పటికీ మర్చిపోలేను.

"అమ్మాయ్, మీ ఆయన్ని అడుగు, షిఫ్టుకి టైమవలేదా అని."

నాకు ఏడుపొచ్చిందో కోపమొచ్చిందో చెప్పలేను. "నేనడగను," అన్నాను. "ఇంక ఎవరికీ ఏదీ చెప్పను. మీకు మీరే చెప్పుకోండి. నోళ్లున్నాయిగా ఇద్దరికీ, ఇప్పుడే విన్నాను." చెప్పులు గుమ్మంలోనే వేసుకుని ప్రెస్సుకి వెళ్లిపోయాను. ఆ రోజు ఒక శుభలేఖలో వధువు పేరు చోట వరుడి పేరు పెట్టాను.

మా ఆయన షిఫ్టు దిగి వచ్చి మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్న నేను వంటింట్లో ఉండగా వచ్చి గడప మీద కూర్చున్నాడు. ప్లాంటులో తోటి మనిషి కొడుకు కొత్తది కొనుక్కుని పాత గేమ్ ఇచ్చేశాడట. బంతి నొక్కనన్న మనిషి బొత్తాలు నొక్కుతాడేమో చూద్దామని తెచ్చాడు. మొదటి రోజు మాటా పలుకూ లేకుండా నాన్న గదిలోకెళ్లి, పెట్టి, ఆడుతూ కూర్చున్నాడట. రెండో రోజు నాన్న, 'అటు కాదు, ఇటు' అన్నాడట తెర వైపు చూసి. అలా మొదలైంది. ఆట అయ్యాక డబ్బా నాన్న మంచం కింద, పాత దుప్పట్లో.

"మరి హాల్లో టీవీ ఉందిగా?"

"అన్నానికి తప్ప హాల్లోకి ఆయన రాడు గదా నానుంటే. పైగా కింద వాల్లు సూత్తే ముసలాయన సిగ్గుపడతాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

ఆయన గోటితో గడప గీకాడు. "నీ ముందే గదే ఆయన మాటాడనన్నాడు. నువ్వు కనబడితే ఆ మాట గుర్తొత్తాది ఆయనకి. నువ్వు లేకపోతే మర్సిపోతన్నాడు."

న్యాయంగానే ఉంది. అయినా నాకు గుచ్చుకుంది. అప్పుడు చెప్పాను, ఆ డబ్బీని కెమెరా అనుకుని వన్‌టౌన్ దాకా పట్టుకెళ్లానని, మా నాన్న మాటలు రికార్డు చేస్తున్నాడనుకున్నానని.

ఆయన మొహం వాడిపోయింది. "నామీద అంత అనుమానమేటి నీకు? ఇన్నేల్లు కాపరం సేసి?"

"మా నాన్న మీద మీకు రాలేదా?" అన్నాను.

అనాలని అన్నది కాదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే మంట కట్టెయ్యడానికి ఇటు తిరిగాను, ఆ విసురులో వచ్చేసింది. మళ్లీ అటు తిరిగేసరికి గడప మీద ఆయన లేడు. టిఫిన్ తినకుండానే వెళ్లిపోయాడు.

నాన్నని కూడా అడిగాను, నాకెందుకు చెప్పలేదని. ఆయన జవాబు ఇంకోలా ఉంది. "నువ్వు సంతోషపడిపోతావు, అందుకు. సంతోషపడి ఇద్దర్నీ కూర్చోబెట్టి ఆ స్థలం సంగతి మాట్లాడమంటావు. అదంతా ఇప్పుడెందుకే? బాగానే ఉంది కదా, కారు నడుపుకుంటున్నాం."

ఆ వారమంతా ఇంట్లో కార్లు పరుగెత్తలేదు. మానిటర్ మరలు నేను బిగించినట్టే ఉన్నాయి. అలా ఉండటం చూస్తే ఇదివరకటి కంటే ఎక్కువ దిగులేసింది. భోజనాల దగ్గర నేను మాటలు మొయ్యడం మానేశాను. నాన్న మజ్జిగ కోసం నా వంక చూస్తే నేను గోడ వంక చూసేదాన్ని. గిన్నె మా ఆయన ముందుండేది. ఆయన దాన్ని కొంచెం కొంచెంగా నాన్న వైపు జరిపేవాడు.

తర్వాతి సెలవు రోజు మధ్యాహ్నం, నేను హాల్లో బట్టలు మడతపెడుతుండగా, మా ఆయన లేచి నాన్న గదిలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు. పూర్తిగా వెయ్యలేదు. నేను మడత ఆపి చెవులు రిక్కించాను. ఆయన గొంతు తగ్గించి ఏదో చాలాసేపు అన్నాడు. మధ్యలో 'ఆ రోజు' అన్న మాట ఒక్కటి వినపడింది. తర్వాత నాన్న ఏదో అన్నాడు, అది అసలు వినపడలేదు. ఎవరో ముక్కు చీదారు. ఎవరో తెలియదు. వెళ్లి తలుపు పక్కన నిలబడదామా అని రెండడుగులు వేశాను కూడా, సరిగ్గా అప్పుడే కింద ఆవిడ కరివేపాకు కోసం వచ్చింది.

బయటికి వచ్చాక ఇద్దరి మొహాలూ మామూలుగానే ఉన్నాయి. రాత్రి అన్నం ముందు నాన్న హాల్లోకి వచ్చి, మా ఆయన పక్క కుర్చీలో కూర్చుని, నన్ను దాటేసి నేరుగా ఆయన్నే అడిగాడు.

"రేపు ఏ షిఫ్టు?"

"సి షిఫ్టు మావయ్యా," అన్నాడు మా ఆయన. "పొద్దుటేల ఖాలీయే."

ఇన్నేళ్ల తర్వాత నా ముందు వాళ్లు నేరుగా అనుకున్న మొదటి మాట అది. నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను. వాళ్లు మాత్రం ఏమీ జరగనట్టు వార్తలు చూశారు.

చెయ్యి బాగుపడ్డాక నాన్న వన్‌టౌన్ ఇంటికి వెళ్లిపోయాడు. గేమ్ కూడా ఆయన వెంటే వెళ్లింది. అక్కడి టీవీకి నేరుగా వైరు పెట్టేసుకోవచ్చట. వారానికి ఒకసారి మా ఆయన అక్కడికి వెళ్తాడు, సాయంత్రం వేపుడు చేపల వాసనతో తిరిగొస్తాడు. స్థలం కేసు ఇంకా నడుస్తూనే ఉంది. ఈ మధ్య వాయిదాకి మామా అల్లుళ్లిద్దరూ కలిసే వెళ్లారు, అదీ వచ్చాక తెలిసింది నాకు.

ఆ మధ్యాహ్నం తలుపు వెనక ఏం మాట్లాడుకున్నారని ఆయన్ని చాలాసార్లు అడిగాను. "ఏటుంటాది? ఏటీ లేదు," అంటాడు. నాన్నకి ఫోన్ చేసి అడిగితే, "మీ ఆయన్ని అడగవే," అని నవ్వుతాడు.

ఇద్దరూ కలిసి అబద్ధమే చెప్తున్నారు. నాకు తెలుసు.